చెప్పే పెడతాను

మొన్న ఆదివారం మా వదినగారు వచ్చారు. మావారికి అక్కయ్య. కాపురం విశాఖపట్నంలో. సముద్రం ఆ వూళ్ళోనూ వుంది గాని, పూడిమడక సముద్రమైతే జనం తక్కువ, గాలి ఎక్కువ అని రెండు మూడు నెలలకోసారి వచ్చి రెండు రోజులుండి వెళతారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక చిన్న గిన్నెల్లో తీపి పెట్టాను. కొబ్బరిపాలు, బెల్లం, పైన కాస్త యేలకుల పొడి. వదినగారు మొదటి చెంచాకి "ఏమిటే యిది, పాయసమా?" అన్నారు. రెండో చెంచాకి "బావుంది" అన్నారు. గిన్నె ఖాళీ చేసి యింకాస్త వేయించుకున్నారు. అందులో సగం తిన్నాక అడిగారు, "దేంతో చేశావూ?" అని.

"మూడు రోజుల నాటి బ్రెడ్డుతో వదినగారూ" అన్నాను.

చెంచా గాలిలో ఆగిపోయింది. మావారు కళ్ళతో ఏదో సైగ చేస్తున్నారు. నేను చూడనట్టు వూరుకున్నాను. వదినగారు మర్యాద తెలిసిన మనిషి కాబట్టి మిగిలిన సగమూ తిన్నారు గాని, కషాయం తాగినట్టు తిన్నారు. అదే గిన్నె, అదే తీపి. మధ్యలో మారిందల్లా నా నోట్లోంచి వచ్చిన ఆ నాలుగు ముక్కలే.

ఆవిడ సాయంత్రం బస్సెక్కాక మావారు నెమ్మదిగా అన్నారు, "చెప్పకపోతే ఏం పోయేది?"

ఆ ప్రశ్నకి జవాబు అక్కడే చెప్పి వుండేదాన్ని. కాని చేతిలో అంట్లున్నాయి. అంట్లు తోముతూ వాదించే ఆడదాన్ని గయ్యాళి అంటారు. అదే కాగితం మీద వాదిస్తే రచయిత్రి అంటారు. అందుకని ఆగాను.

అసలు ఈ "చెప్పకపోతే ఎవరికీ తెలియదు" అనే మాట మీదే నా పోరాటం. మిగిలిన వాటితో వంటలు నేర్పేవాళ్ళందరూ చివర ఈ వాక్యం తగిలించకుండా వుండరు. మిగిలిన యిడ్లీలతో వుప్మా చేయండి, యిడ్లీలని ఎవరూ కనిపెట్టలేరు! ఎండిన బ్రెడ్డుతో తీపి చేయండి, అతిథులు పోల్చుకోలేరు! ఏమి? పోల్చుకుంటే ఏమవుతుంది? మనం దొంగసొత్తు దాస్తున్నామా?

ముందు మా యింట్లోకి బ్రెడ్డు ఎలా వచ్చిందో చెప్పాలి. మా వైపు రొట్టె అంటే మినపరొట్టె. కుంపటి మీద ఎర్రగా కాలిన దిబ్బరొట్టె. బ్రెడ్డు అంటే మాత్రం జ్వరం. నా చిన్నప్పుడు యింటికి బ్రెడ్డు వచ్చిందంటే ఎవరికో వొళ్ళు కాలుతున్నట్టే లెక్క. మైనం కాగితంలో చుట్టిన మోడరన్ బ్రెడ్డు, గ్లాసుడు వేడిపాలు. జ్వరం లేని పిల్లలం మంచం చుట్టూ చేరి, జ్వరం వచ్చినవాడి వంక కుళ్ళుగా చూసేవాళ్ళం. ఆ బ్రెడ్డు చేసే కంపెనీని 1965లో కేంద్ర ప్రభుత్వమే పెట్టింది, 2000లో అమ్మేసింది. అంతటి కంపెనీ పుట్టి, పెరిగి, చేతులు మారినా మా యింట్లో బ్రెడ్డు పథ్యం హోదా దాటి పైకి రాలేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. అచ్యుతాపురం నుంచి వచ్చే బ్రెడ్డు ఆగిపోయింది. మా అమ్మాయికి కాలేజీ లేదు, పొద్దు పోదు. ఫోన్లో చూసి ఈస్టు, మైదా కలిపి బ్రెడ్డు చేస్తానంది. మొదటిసారి చేసింది గోడకి కొట్టినా విరగలేదు. నాలుగోసారికి బంగారంలాంటి బ్రెడ్డు వచ్చింది. మా సముద్రపు వుక్కలో పిండి గంట తిరిగేసరికి రెట్టింపై కూర్చుంటుంది. హైదరాబాదులో దాన్ని డబుల్ రొట్టె అనడం యిందుకే కాబోలు అనుకున్నాను. తరవాత కాలేజీలు తెరిచారు. అమ్మాయి హాస్టలుకి వెళ్ళిపోయింది. ఓవెన్, ఆ పనీ నాకు మిగిలాయి.

యింట్లో చేసిన బ్రెడ్డుకి ఒక గుణం వుంది. మొదటి రోజు దూది, రెండో రోజు అట్ట, మూడో రోజు చెక్క. బజారు బ్రెడ్డులా మెత్తగా వుంచే దినుసులు గాని, బూజు రాకుండా వేసే కాల్షియం ప్రొపియొనేట్ గాని మనం వెయ్యం కదా. మొదటి రోజు దూదిని పిల్లలు, వాళ్ళ నాన్న తినేస్తారు. రెండో రోజు అట్టని పెనం మీద వేడి చేస్తే మళ్ళీ మెత్తబడుతుంది కాబట్టి అదీ చెల్లిపోతుంది. మరి మూడో రోజు చెక్క?

అది నేను తినేదాన్ని. నాలుగేళ్ళు తిన్నాను. తినమని ఎవరూ చెప్పలేదు, చట్టం ఎవరూ చేయలేదు. అందరూ వెళ్ళాక, వంటింటి గట్టుకి ఆనుకుని, నిలబడే, టీలో ముంచుకుని తినేదాన్ని. పారేయడానికి మనసొప్పదు, యింకొకరికి పెట్టడానికి నోరు రాదు. అలా ఒక రోజు మా అబ్బాయి స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని హఠాత్తుగా వచ్చాడు. ఆ పిల్లవాడు నా చేతిలోది చూసి "ఆంటీ, అది గట్టిగా లేదూ?" అన్నాడు. మావాడు ఏమన్నాడో తెలుసా? "మా అమ్మకి గట్టి బ్రెడ్డంటేనే యిష్టం రా" అన్నాడు.

వాడి తప్పు లేదు. నాలుగేళ్ళుగా వాడు చూసింది అదే. నేను అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. నేను చెప్పకుండా వదిలేసిన చోట వాడికి తోచింది వాడు పూరించుకున్నాడు. ఇంకో పదేళ్ళకి కోడలు వస్తే, "మా అమ్మకి యిష్టం" అని నా కోసం జాగ్రత్తగా ఎండబెట్టి మరీ వుంచుతాడు!

మా అత్తగారి సంగతి గుర్తొచ్చి నాకు గుండె ఝల్లుమంది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. పొద్దుటి చద్దన్నాన్ని నేను తక్కువ చేయడం లేదు. అది అందరూ తినేది. పడవ మీద వేటకి వెళ్ళేవాళ్ళు తింటారు, బడికి వెళ్ళే పిల్లలు ఆవకాయ నంజుకుని తింటారు. వేసవిలో తరవాణి కుండ చుట్టూ యింటిల్లిపాదీ చేరిన రోజులు నాకు తెలుసు. అది బహిరంగమైన తిండి, గౌరవమైన తిండి. నేననేది, మధ్యాహ్నం మిగిలిన అన్నం రాత్రికి ఎవరి కంచంలోకి పోతుందని. పొయ్యి మీద కొత్తన్నం పొగలు కక్కుతుంటే, ఆ చల్లన్నం మా అత్తగారి కంచంలోకే పోయేది. "ఆవిడకి వేడి పడదు" అని యింట్లో అందరం అనుకునేవాళ్ళం. చివరి రోజుల్లో మంచం మీద వున్నప్పుడు ఏం తినాలని వుంది అత్తయ్యా అని అడిగితే, "పొగలొచ్చే అన్నం, యింత నెయ్యి" అన్నారు. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడకి వేడన్నం యిష్టమని ఆ రోజు తెలిసింది మాకు.

ఆవిడా చెప్పలేదు. చూశారా, ఈ చెప్పకపోవడం ఎక్కడికి పోతుందో.

మా వూరి ఆడవాళ్ళని చూస్తే నాకు సిగ్గేస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి మాది అనకాపల్లి జిల్లా. జిల్లా పేరు మారినా వొడ్డు మారలేదు. పడవలు రాగానే చేపలు కుప్పలు పోస్తారు, పచ్చిగా అమ్ముడుపోయేవి పోతాయి, మిగిలినవాటికి వుప్పు పట్టించి ఇసకలో ఆరబెడతారు. ఎండు మెత్తళ్ళు, ఎండు కానాగంతలు. నిన్నటి చేప, మొన్నటి చేప అని అమ్మేమనిషి దాచదు. పైగా అదే దాని గొప్ప! "మూడెండలు తగిలినాదమ్మా, గట్టి సరుకు" అని చెప్పి మరీ ధర చెబుతుంది. బేరమాడితే మనకి నాలుగు వడ్డిస్తుంది కూడా. మిగిలినదాన్ని ఆమె మూల కూర్చుని తాను తినడం లేదు. దానికి ఒక పేరు పెట్టి, ఒక విలువ కట్టి, పదిమందిలో పెట్టింది. ఎం.ఏ. తెలుగు చదివి నవలలు రాసే నాకు ఆ పాటి తెలివి నాలుగేళ్ళు తట్టలేదు.

బయటి దేశాల వాళ్ళూ ఈ విషయంలో దాపరికం పెట్టుకోలేదు. ఎండిన బ్రెడ్డుని పాలలో, గుడ్డు సొనలో ముంచి కాల్చి, ఫ్రెంచివాళ్ళు దానికి పెట్టిన పేరు 'పాఁ పెర్ద్యూ'. అంటే పోయిన రొట్టె. జర్మన్లు అలాంటిదాన్నే 'పేద వీరులు' అంటారు. ఇంగ్లీషువాళ్ళ బ్రెడ్ అండ్ బటర్ పుడ్డింగు కూడా మిగిలిన ముక్కల మీద పుట్టిందే. బ్రెడ్డుని పాలలో ముంచి వేయించి తేనె పోసే పద్ధతి రోమన్ల కాలపు వంట పుస్తకంలో, అపికియస్ పేరుతో వున్నదానిలోనే కనిపిస్తుంది. పోయినదాన్ని పోయినదనే అన్నారు, పేదదాన్ని పేదదనే అన్నారు, వరసగా కూర్చుని తిన్నారు.

మనకూ వుంది కదా, డబుల్ కా మీఠా, అంటారా? ఆగండి. డబుల్ కా మీఠాతో నాకు తగాదా లేదు. హైదరాబాదు పెళ్ళిళ్ళలో నేనూ రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. నా తగాదా దాన్ని "మిగిలిన బ్రెడ్డుతో పొదుపుగా" అనే శీర్షిక కింద రాసేవాళ్ళతో. ఎనిమిది బ్రెడ్డు ముక్కలు మిగిలాయనుకుందాం. వాటి విలువ యిరవై రూపాయలు. వాటిని కాపాడడానికి పావుకిలో నెయ్యి, లీటరు పాలు, పంచదార పాకం, జీడిపప్పు, బాదం, కుంకుమపువ్వు. అంతా కలిపి మూడు నాలుగు వందలు. యిరవై రూపాయల ముక్కల్ని రక్షించడానికి నాలుగు వందలు ఖర్చు చేయడాన్ని పొదుపు అనే లెక్క ఏ బడిలో చెబుతారో! ఇదీ దాపరికమే. ఒకరు నోరు మూసుకుని దాస్తే, యింకొకరు నేతిలో ముంచి దాస్తారు. పండక్కి, పెళ్ళికి తాజా బ్రెడ్డు తెచ్చి హాయిగా డబుల్ కా మీఠా చేసుకోండి. దాన్ని పొదుపు అని మాత్రం పిలవకండి.

మరి నేను చేసేదేమిటి? చెబుతాను. దీనికి కావలసింది ఎనిమిది ఎండు ముక్కలు, ఒక కొబ్బరికాయ, నూట యాభై గ్రాముల బెల్లం, నాలుగు యేలకులు, చిటికెడు వుప్పు. బెల్లం మాకు అనకాపల్లిదే, దానికి వేరే సిఫార్సు అక్కర్లేదు. బ్రెడ్డుని రెండో రోజే ముక్కలు కోసి ఎండలో పెట్టేయాలి, అలా వదిలేస్తే మా గాలికి చెమ్మ పట్టేస్తుంది. ఆ ముక్కల్ని వట్టి పెనం మీద, నెయ్యి లేకుండా, చిన్న మంట మీద ఎర్రగా కాల్చాలి. కొబ్బరి రుబ్బి చిక్కటి పాలు ఒక గ్లాసు తీసి పక్కన పెట్టి, అదే పిప్పిలో వేడినీళ్ళు పోసి పల్చటి పాలు రెండు గ్లాసులు తీయాలి. బెల్లం కాసిని నీళ్ళలో కరిగించి వడకట్టాలి, ఎంత మంచి బెల్లమైనా అడుగున ఇసుక వుంటుంది. పల్చటి పాలలో ముక్కలు వేసి నాలుగు నిమిషాలు సన్నని సెగ మీద వుంచి, బెల్లం నీళ్ళు పోసి ఒక్క వుడుకు రానిచ్చి దించేయాలి. దించాక చిక్కటి పాలు, యేలకుల పొడి, వుప్పు. అంతే. చిక్కటి పాలు వేశాక మళ్ళీ పొయ్యి మీద పెడితే విరుగుతాయి, పెట్టకండి. ఆవుపాలో గేదెపాలో పోస్తామంటారా, వేడి మీద బెల్లం తగిలితే అవీ విరిగే ప్రమాదం వుంది. అందుకే కొబ్బరిపాలు. అరగంట పని.

ఇప్పుడు అసలు సంగతి వినండి. ఇదే తీపి తాజా బ్రెడ్డుతో చేసి చూశాను. వదినగారి సంఘటన తరవాత, పంతం కొద్దీ. పాలు తగలగానే ముక్కలు పిండిముద్దయిపోయాయి. గరిటెకి అంటుకునే మైదా గంజి! ఎండిన ముక్క అలా కాదు, పాలు తాగుతుంది గాని కరగదు, కొరికితే లోపల్నించి తీపి వూరుతుంది. దీనికి కారణం వుంది. బ్రెడ్డు గట్టిపడడమంటే ఎండిపోవడం ఒక్కటే కాదు. గాలి తగలకుండా మూసి వుంచినా, తడి ఆరకపోయినా గట్టిపడుతుందని 1852లోనే బూసింగో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చూపించాడు. వుడికినప్పుడు మెత్తబడిన పిండిపదార్థం చల్లారాక మళ్ళీ బిగుసుకుంటుంది. నిన్నటి అన్నంతో తాలింపన్నం పొడిపొడిగా రావడానికీ అదే కారణం. ఫ్రిజ్‌లో పెడితే బూజు ఆలస్యంగా వస్తుంది గాని, ఈ గట్టిపడడం ఇంకా త్వరగా జరుగుతుంది. అంటే ఈ తీపికి నిలవ బ్రెడ్డు గతిలేక వాడేది కాదు, అదే కావలసింది. తాజా బ్రెడ్డు పనికిరాదు. మరి సిగ్గు ఎవరికి?

"నిలవదాన్ని అతిథికి పెట్టడం మర్యాదా?" అంటారు. మా జిల్లాలోనే మాడుగుల వుంది. గోధుమల్ని నానబెట్టి, పాలు తీసి, ఆ పాలని పులవనిచ్చి గాని అక్కడి హల్వా చేయరు. దాన్ని డబ్బాల్లో పెట్టి దేశదేశాలకి పంపుతారు, పెళ్ళివారికి సారె పెడతారు. గోధుమపాలు పులిస్తే ప్రసిద్ధి, గోధుమ రొట్టె ఎండితే అపచారమా? మాడుగులలో పులియబెట్టామని బోర్డు కట్టినంత ధైర్యంగా చెబుతారు. మనం యింట్లో గొంతు తగ్గిస్తాం.

ఒక్క చోట మాత్రం నేను వదినగారి పక్షమే. ముక్క మీద పచ్చగానో, నల్లగానో చుక్క కనిపించిందా, పారేయండి. ఆ చుక్క గిల్లేసి మిగతాది వాడదామనుకోవద్దు, బూజు వేళ్ళు కంటికి కనిపించకుండా లోపలికి పాకి వుంటాయి. గట్టిపడ్డ బ్రెడ్డు వేరు, చెడ్డ బ్రెడ్డు వేరు. వానాకాలంలో మా వూళ్ళో రెండోదే ఎక్కువ. పారేసినందుకు మనసు చివుక్కుమంటే, ఆ మనసుని కూడా కాసేపు ఎండలో పెట్టండి.

ఎందుకంటే పారేయడం మీద ఈ మధ్య ప్రసంగాలు ఎక్కువయ్యాయి. 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల తిండి వృథా అయిందని, అందులో 60 శాతం యిళ్ళలోనే జరిగిందని ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ లెక్క తేల్చింది. లెక్క నిజమే, బాధపడాల్సిందే. కాని ఆ "యిళ్ళలో" అన్న మాట వేదిక మీద వున్నవారి నోట్లోకి వచ్చేసరికి "ఆడవాళ్ళు" అయిపోతుంది. తల్లులూ, వృథా చేయకండి! అక్కలూ, మిగిలిన వాటితో కొత్త వంటలు నేర్చుకోండి! 2024 కాలవినియోగ సర్వే ప్రకారం మన దేశంలో యింటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు దానికి పెడుతుంటే, ఆ పని చేసే కాసిని మంది మగవాళ్ళు పెట్టేది 88. ఆ 289 మీద ఇంకో అరగంట బ్రెడ్డు తీపికి కలపమని నేను చెప్పలేను. అచ్యుతాపురం దుస్తుల ఫ్యాక్టరీలకి తెల్లవారుజామునే బస్సెక్కి పోయే అమ్మాయిలున్నారు మా చుట్టుపక్కల. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే, వీలుంటే చేయండి, లేకపోతే ఆ ముక్కలు మేకకి వేయండి, మీరు మాత్రం నిలబడి నమలకండి.

చేసినప్పుడు మాత్రం అందరి గిన్నెల్లోనూ పెట్టండి. సంపాదించేవాడి గిన్నెలో, పరీక్షలున్నవాడి గిన్నెలో, అతిథి గిన్నెలో. పెట్టేటప్పుడు ఇది మిగిలిన బ్రెడ్డు అని చెప్పండి. మా యింట్లో నేను చెప్పడం మొదలుపెట్టిన నెలకి ఒక చిత్రం జరిగింది. "ఈసారి బ్రెడ్డు ఎంత మిగిలిందమ్మా?" అని మావాడు అడిగాడు. అంతకుముందు నాలుగేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మిగులుతుందని వాళ్ళకి తెలిస్తే కదా! ఇప్పుడు ఎండలో పెట్టిన ముక్కల్ని కాకి ఎత్తుకుపోకుండా వాడే కాపలా. మావారు కొబ్బరి కోరుతారు. కొంచెం నేల మీదా కోరుతారనుకోండి, అది వేరే సంగతి.

నిన్న రాత్రి వదినగారు ఫోను చేశారు. కుశలప్రశ్నలయ్యాయి, మోకాళ్ళ సంగతి అయింది, మనవడి మార్కుల సంగతి అయింది. అప్పుడు గొంతు తగ్గించి, "అదేనే, ఆ బ్రెడ్డుతో చేశావు చూడూ, దానికి బెల్లం ఎంత పడుతుంది? ఇక్కడ అర కట్ట మిగిలిపోయింది" అన్నారు.

నేను చెప్పబోతున్నాను. ఇంతలో ఆవిడే, "మీ అన్నయ్యగారికి దేంతో చేశానో చెప్పనులే, ఆయన తినరు" అన్నారు.

"అయితే బెల్లం ఎంతో నేనూ చెప్పను వదినగారూ" అన్నాను.

ఫోను పెట్టేశారు. పొద్దున్న మళ్ళీ చేశారు. "సరేలే, చెప్పే పెడతాను. కొలత చెప్పు" అన్నారు. నూట యాభై గ్రాములు అన్నాను. చెప్పారో లేదో వచ్చే నెల అన్నయ్యగారినే అడుగుతాను.